జిషిన్ లేదన్నవాళ్ళకు ధైర్యం చెప్పకు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ నీ పాఠాల పట్టికను ఫొటో తీసి పంపించింది. యోకొహామాలో కంపెనీ ఉద్యోగులకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెప్పబోతున్నావని తెలిసి సంతోషించాను. పట్టికలో మూడో వారం ఎదురుగా ‘నమ్మకం, ఆత్మవిశ్వాసం గురించిన మాటలు’ అని ఉంది. దాని పక్కన పెన్సిలుతో ‘తేలిక’ అని రాసుకున్నావు. ఆ ‘తేలిక’ చూశాకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఒసాకాలో ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఆర్టికల్స్ దగ్గర, క్రియల కాలాల దగ్గర తప్పులు విద్యార్థులు చేశారు. ఈ నాలుగు మాటల దగ్గర మాత్రం తప్పులు నావి.

నేను చేరిన తొలి ఏడాది సంగతి. యాభై దాటిన ఇంజనీరు ఒకాయన మర్నాడు విదేశీ అతిథుల ముందు మాట్లాడాల్సి ఉంది. “ఐ హ్యావ్ నో కాన్ఫిడెన్స్” అన్నాడు. అయ్యో పాపం అనుకుని పావుగంట ధైర్యం చెప్పాను. మీ మీద మీకు నమ్మకం ఉండాలి, అద్దం ముందు నిలబడి సాధన చేయండి అంటూ ఏదేదో మాట్లాడాను. ఆయన ఓపిగ్గా విని, నడుము వంచి ధన్యవాదాలు చెప్పి వెళ్ళిపోయాడు. అసలు ఇబ్బంది ఏమిటో తర్వాతి వారం తెలిసింది. ఆ రంగంలో ఆయనకు పాతికేళ్ళ అనుభవం. చూపించబోయే ఒక పట్టికలో అంకెలు మాత్రం ఫ్యాక్టరీ నుంచి ఇంకా ఖరారై రాలేదు. ఆ అంకెల విషయం గట్టిగా చెప్పలేనన్నది ఆయన మాటకు అర్థం. నేనేమో పరీక్షకు భయపడుతున్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఆయన మనసులో ఉన్న జపనీస్ మాట ‘జిషిన్ గా నై’. నిఘంటువు తీస్తే జిషిన్ అంటే ఆత్మవిశ్వాసమే. (భూకంపాన్ని కూడా జిషిన్ అనే అంటారు, రాసే అక్షరాలు వేరు. కొత్తలో ఎవరో ‘జిషిన్ లేదు’ అని దిగులుగా అంటే, లేకపోతే మంచిదే కదా అనుకున్నాను.) వాడుకలో మాత్రం ఆ మాట చాలాసార్లు ‘అంత ఖాయంగా చెప్పలేను’, ‘తప్పుంటే మన్నించండి’ అన్నంత తేలికపాటి జాగ్రత్త. అదే ఇంగ్లీషులో నో కాన్ఫిడెన్స్ అనేసరికి మనిషే కుంగిపోయినట్టు వినిపిస్తుంది. మన పార్లమెంటులో అవిశ్వాస తీర్మానాన్ని ఇంగ్లీషులో పిలిచేది ఆ మాటతోనే కదా, అంత బరువు దానిది.

అందుకని, నీ క్లాసులో ఎవరైనా కాన్ఫిడెన్స్ లేదంటే ఓదార్చకు. ‘దేని గురించి?’ అని అడుగు. ఒక తేదీయో, అంకెయో, ఉచ్చారణో బయటికొస్తుంది. అప్పుడు ‘ఐయామ్ నాట్ షూర్ అబౌట్’ అన్న ఎత్తుగడ అందించి, మిగతాది వాళ్ళచేత పూర్తి చేయించు. ‘తేదీ విషయం ఖాయంగా తెలియదు’ అన్న ఉద్యోగిని ఎవరూ పిరికివాడనుకోరు. ‘నాకు ఆత్మవిశ్వాసం లేదు’ అన్నవాడికి పెద్ద పని అప్పగించడానికి పైవాళ్ళు వెనకాడతారు. చెప్పదలచుకున్నది ఒకటే, నష్టం మాత్రం ఉద్యోగానిది.

ఈ తప్పుకు మూలం ఎక్కడుందంటే, వాళ్ళు చదువుకున్న తీరులో ఉంది. అక్కడి బడిపిల్లలు ఇనుప రింగుకు గుచ్చిన చిన్న అట్టముక్కలు జేబులో పెట్టుకుని రైల్లో తిప్పుకుంటూ కూర్చుంటారు. ఒక పక్క ఇంగ్లీషు మాట, రెండో పక్క ఒకే ఒక్క జపనీస్ మాట. బిలీవ్‌కు షిన్జిరు, ట్రస్ట్‌కు షిన్‌రాయి, కాన్ఫిడెన్స్‌కు జిషిన్. ప్రాథమిక పాఠశాల ఐదో తరగతిలోనే ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా వచ్చింది 2020 నుంచి. నీ దగ్గరికి వచ్చేవాళ్ళు అంతకు ముందు తరం, అట్టముక్కల తరం. వాళ్ళకు మాటలు తెలియక కాదు ఇబ్బంది, ఒక్కో మాటకు ఒక్కటే అర్థం తెలియడం వల్ల.

షిన్జిరు సంగతే చూడు. నీ మాట నిజమని నమ్మడానికీ, నీ సామర్థ్యాన్ని నమ్మడానికీ, దేవుణ్ణి నమ్మడానికీ అదే క్రియ. దానికి ముందు వచ్చే ప్రత్యయం కూడా మారదు. ఇంగ్లీషులో మధ్యన ‘ఇన్’ చేరితే అర్థమే వేరు. ‘ఐ బిలీవ్ యు’ అంటే నువ్వు చెప్పింది నిజమని ఒప్పుకుంటున్నాను, అంతే. ‘ఐ బిలీవ్ ఇన్ యు’ అంటే నువ్వు సాధిస్తావని నా నమ్మకం. ‘ఐ ట్రస్ట్ యు’ అంటే నీ గుణం తెలుసు, నా ఇంటి తాళం నీ చేతికిస్తాను. మూడో మాటను నేనెప్పుడూ తాళంచెవి చూపించే చెప్పేదాన్ని. బొమ్మలు గీసిన రోజుకన్నా తాళంచెవి బల్లమీద పెట్టిన రోజే వాళ్ళకు ఎక్కువ అర్థమైంది.

ఇక్కడ నీకు తెలుగు పనికొస్తుంది. మనకు నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. సాక్షి మాటను నమ్ముతాం, వానను నమ్ముకుని విత్తనం వేస్తాం. ఇంగ్లీషువాళ్ళ రిలై ఆన్, కౌంట్ ఆన్ అచ్చంగా మన నమ్ముకోవడమే. జపనీస్‌లో దానికి తయోరు అన్న క్రియ ఉంది. షిన్‌రాయి అన్న మాటలో రెండో అక్షరం ఈ తయోరును రాసే అక్షరమే. ఆ సంగతి బోర్డు మీద చూపిస్తే, ‘అందుకా!’ అని వాళ్ళే తలలూపుతారు. అన్నట్టు మొదటి అక్షరం, షిన్, ఎడమపక్క మనిషి, కుడిపక్క మాట. మనిషి పక్కన మాటను నిలబెట్టి నమ్మకం అని రాసుకున్నారు. ఎంత బాగుందో చూడు.

అదే తెలుగు నిన్ను ఒకచోట ముంచుతుంది కూడా. మనం ‘నమ్ముతున్నాను’ అంటాం, వాళ్ళు ‘షిన్జితే ఇరు’ అంటారు. రెండు భాషల్లోనూ అది జరుగుతున్న పనిలాగే ఉంటుంది. అందుకని వాళ్ళు ‘ఐయామ్ బిలీవింగ్ యు’ అని రాసినప్పుడు నీ కంటికి తప్పు కనిపించదు. నాకు కనిపించలేదు. మూడేళ్ళపాటు దాని కింద ఎర్ర గీత గీయలేదు. ఇంగ్లీషులో అది ‘ఐ బిలీవ్ యు’ అనే ఉండాలని ఒక ఆస్ట్రేలియా సహోద్యోగిని మర్యాదగా పక్కకు పిలిచి చెప్పింది.

ఇంకో మాట షిన్యో. దీనికీ ట్రస్ట్ అనే రాసుకుంటారు, కానీ ఇందులో డబ్బు వాసన ఉంది. షిన్యో కింకో అంటే ఊళ్ళలో ఉండే చిన్న సహకార బ్యాంకు. మనిషి వెనుక ఉన్న లెక్క చూసి, ఇతను ఇంతవరకు మాట తప్పలేదు అని కట్టే విలువ షిన్యో. మన పరపతి దీనికి చాలా దగ్గర. సహకార పరపతి సంఘం అంటాం, ఊళ్ళో అతనికి పరపతి ఉంది అనీ అంటాం. షిన్యో గడిచినదాన్ని చూస్తుంది, షిన్‌రాయి రాబోయేదాన్ని చూస్తుంది. ఇంగ్లీషులో ఒక్కోసారి ఈ షిన్యోకు సరైన మాట క్రెడిబిలిటీ, ఇంకోసారి క్రెడిట్, మరోసారి రెప్యుటేషన్. ఏది ఎక్కడ అన్నది వాక్యం తెస్తేనే చెప్పగలను అని వాళ్ళతో నిర్మొహమాటంగా చెప్పు. సూత్రం చెప్పబోయి నేను రెండుసార్లు దెబ్బ తిన్నాను.

ఎవరు ఎవరితో అంటున్నారన్నది మరిచిపోకు. ‘ఐ బిలీవ్ ఇన్ యు’ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ భుజం తట్టి అనే మాట. నా విద్యార్థి ఒకడు తన పైఅధికారి పుట్టినరోజు కార్డులో అది రాశాడు. ఆ అమెరికన్ అధికారి నవ్వాడట గానీ, కుర్రవాడు తనకు మార్కులు వేస్తున్నట్టు అనిపించి ఉంటుంది. పైవాళ్ళకు ‘మీ సలహా మీద ఆధారపడతాను’ అన్న అర్థం వచ్చే మాట చాలు.

ఉత్తరాల్లో ‘ప్లీజ్ బిలీవ్ మి’ కనిపిస్తే వెంటనే ఆపు. జపనీస్‌లో చిత్తశుద్ధి చూపించే మాటే. ఇంగ్లీషులో చదివితే, అప్పటికే ఎవరో అబద్ధమన్నారు, ఇతను బతిమాలుకుంటున్నాడు అన్నట్టుంటుంది. సరుకు ఆలస్యమైనప్పుడు ఒక ఉద్యోగి అలా రాస్తే, అవతలి నుంచి అసలు ఏం జరిగిందో రుజువులు పంపమని జవాబు వచ్చింది. అక్కడ కావలసింది ‘యు కెన్ కౌంట్ ఆన్ అస్’, దాని వెనకే ఒక తేదీ. లేదా వాళ్ళకు నోట్లోనే ఉన్న ‘ఒమకసే కుదసాయి’కి సరిపోయే ‘లీవ్ ఇట్ టు అస్’. సుషీ దుకాణంలో అడిగే ఒమకసే ఈ క్రియనుంచి వచ్చిందే. వంటవాడికి వదిలేయడం. ఆ పోలిక చెబితే ఇక మరిచిపోరు.

‘ట్రస్ట్ మి’ గురించి క్లాసులో వాళ్ళే ఎత్తుతారు చూడు. 2009 నవంబరులో ఒబామా టోక్యో వచ్చినప్పుడు, ఒకినావా దీవిలో ఉన్న ఫుతెన్మా అనే అమెరికా సైనిక స్థావరం తరలింపు విషయంలో అప్పటి ప్రధాని యుకియో హతోయామా ఆయనతో ఆ రెండు మాటలే అన్నారు. వ్యవహారం తెమలలేదు. 2010 జూన్‌లో హతోయామా పదవి వదులుకున్నారు. ఆ రెండు మాటలు మాత్రం పత్రికల్లో కటకానా అక్షరాల్లో, అంటే వాళ్ళు విదేశీ మాటలు రాసుకునే లిపిలో, ఉండిపోయాయి. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేసిన మనిషి, భాష రాక కాదు. రాజకీయాల జోలికి పోకుండా ఇంత మాత్రం చెప్పు. ఇంగ్లీషులో ‘ట్రస్ట్ మి’ అంటే రుజువు అడగవద్దు, పూచీ నాది అని. పూచీ పడలేనప్పుడు అనకూడని మాట.

ఇక కాన్ఫిడెంట్. మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ ‘ఐయామ్ కాన్ఫిడెన్స్’ అంటారు, అది వారంలో సర్దుకుంటుంది, దాని మీద కాలం పోగొట్టకు. అసలు చిక్కు వేరే ఉంది. ఇంటర్వ్యూలో ‘ఐయామ్ కాన్ఫిడెంట్’ అనడానికి నోరు రాదు. జిషిన్‌కా అని మనిషిని అంటే అందులో కొంచెం ‘తనను తాను చాలా గొప్ప అనుకుంటాడు’ అన్న ఛాయ ఉంది. మనకూ సొంత డబ్బా కొట్టుకునేవాడు నచ్చడు కదా. వాళ్ళ అణకువ జబ్బు కాదు, దానికి వైద్యం చేయబోకు. నేను చేయబోయి విఫలమయ్యాను. గట్టిగా అనండి, ఛాతీ విరిచి అనండి అని ఒక అమ్మాయిని బలవంతపెడితే, తర్వాతి వారం క్లాసుకే రాలేదు.

తర్వాత నేను చేసింది ఇది. ‘నేను’ గురించి కాక పని గురించి చెప్పించాను. ‘ఈ పని మూడేళ్ళు చేశాను, కాబట్టి చేయగలను’. ఇది అనడానికి ఎవరికీ సిగ్గు లేదు, వినేవాళ్ళకు కావలసిందీ ఇదే. ఇంకా, ఖాయానికీ అనుమానానికీ మధ్య మెట్లు చూపించాను. సర్టన్, ప్రెటీ షూర్, ఫెయిర్లీ షూర్, ఐ థింక్ సో, నాట్ షూర్ యెట్. వాళ్ళకు అట్టముక్క మీద రెండు కొసలే దొరికాయి, నడుమ మెట్లు దొరకలేదు. ఆ ‘యెట్’ ఒక్కటి నేర్పినందుకు నాకు అందిన కృతజ్ఞతలు ఇంతా అంతా కావు.

ఉచ్చారణ సంగతి క్లుప్తంగా. ఫెయిత్, ఫేస్ రెండూ కటకానాలో ‘ఫెయిసు’ అనే పడతాయి. ‘నీ మీద నాకు ముఖం ఉంది’ అని వినిపిస్తే నవ్వకు. ట్రస్ట్‌ను వాళ్ళు ‘తొరసుతొ’ అంటారు. బస్‌ను బస్సు చేసుకున్న మనకు నవ్వే హక్కు అసలు లేదు. ఫెయిత్ పలకలేనివాళ్ళకు ట్రస్ట్ సరిపోతుంది, పట్టుబట్టకు.

ఆ పట్టికలోని అంకెల ఇంజనీరుగారు ఎప్పుడో పదవీ విరమణ చేశారు. ఏటా జనవరిలో కొత్త సంవత్సరం కార్డు మాత్రం వస్తుంది. ఈసారి జపనీస్ పలకరింపు కింద ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. మోకాళ్ళ విషయం ‘నాట్ షూర్’ అట, కోబె దగ్గర రోక్కో కొండ మాత్రం ఇంకా ఎక్కుతున్నారట.

మూడో వారం క్లాసు అయ్యాక రాయి. చలి మొదలయ్యేలోపు మందపాటి మేజోళ్ళు కొనుక్కో.

పెద్దమ్మ