ఎక్స్‌రేలో మచ్చ కింద ఉంటే టీబీ కాదా?

అమ్మగారికి షుగర్ ఉందని, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ చూసి డాక్టరు టీబీ అంటున్నారని రాశారు. టీబీ పైభాగంలో కదా వచ్చేది అని మీ అనుమానం. మాకూ సరిగ్గా ఇదే అనుమానం వచ్చింది. దాంతో మూడు వారాలు పోయాయి.

మా ఇంట్లో టీబీ ముందు నాకు, కొన్నేళ్లకు నాన్నకు వచ్చింది. నాకు షుగర్ లేదు. నా ఫిల్ములో కుడి కాలర్ ఎముక కిందుగా మబ్బు పట్టినట్టు తెల్లటి నీడ, దాని మధ్యలో నల్లగా ఒక గుల్ల. డాక్టరు చూడగానే కఫం పరీక్ష రాశారు. నాన్న షుగర్ పేషెంటు. ఆయన ఫిల్ములో పైన శుభ్రంగా ఉంది, నీడంతా కిందే. న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. రెండో ఎక్స్‌రేలో ఆ నీడలోనే రెండు గుల్లలు కనబడ్డాక గానీ కఫం జీన్‌ఎక్స్‌పర్ట్‌కు (టీబీ క్రిమి జన్యువును వెతికి పట్టే పరీక్ష) పంపలేదు. పాజిటివ్ వచ్చింది.

షుగర్ అదుపులో లేకపోతే క్రిములతో పోరాడే కణాలు మందగిస్తాయి. టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అలాంటివాళ్లలో మచ్చలు కింది భాగాల్లో రావడం, ఒకటికి మించి గుల్లలు పడటం కాస్త ఎక్కువ. అలాగని అందరికీ కాదు, షుగర్ ఉన్నా చాలామందికి పైభాగంలోనే వస్తుంది. కాబట్టి మచ్చ ఎక్కడుందన్నది పట్టుకుని వాదించకండి, కఫం పరీక్ష అయిందో లేదో అడగండి. లోపలి నుంచి దగ్గి తీసిన కఫమే ఇవ్వాలి. నాన్న మొదటిసారి డబ్బాలో ఉమ్మి పోసి ఇచ్చారు, ల్యాబ్ వాళ్లు తిప్పి పంపారు!

మందులు మొదలయ్యాక షుగర్ మీద ఓ కన్నేసి ఉంచండి. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల ప్రభావాన్ని తగ్గించేస్తుంది. పైగా ఇన్‌ఫెక్షన్ కూడా షుగర్‌ను పెంచుతుంది. నాన్నకు కొన్నాళ్లు ఇన్సులిన్ పెట్టాల్సి వచ్చింది. ఐసోనియాజిడ్ అనే మరో టీబీ మందు వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కకుండా బీ6 మాత్ర కూడా రాశారు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువట.

ఇంకో సంగతి, ఇప్పటి ఫిల్ములు పారేయకండి. ఆరు నెలల కోర్సు పూర్తయి నయమైనా నా ఊపిరితిత్తిలో ఒక గీత మిగిలిపోయింది. ఆ మధ్య వేరే పని మీద ఎక్స్‌రే తీయిస్తే అక్కడి డాక్టరు మళ్లీ టీబీ ఏమోనని కంగారుపెట్టారు. పాత ఫిల్ము పక్కన పెట్టి చూస్తే గీత అంగుళం కూడా కదల్లేదు.