ఆదివాసుల ఆరోగ్యంపై ఆదివాసులే పరిశోధన చేయలేరా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఒక గిరిజన గ్రామం. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రెండేళ్లు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధిపై ఒక సర్వేలో పనిచేశాను. ఊరూరా తిరిగి నమూనాలు తీసిందీ, మా భాషలో నచ్చజెప్పి సంతకాలు పెట్టించిందీ మేమే. తీరా నివేదిక వచ్చాక మాకు చూపించను కూడా లేదు. మాలాంటివారు పరిశోధకులు కావడానికి దారి ఉందా? అయితే మాత్రం ఏం తేడా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ముందు తేడా సంగతి చెబుతాను. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో నివసించే హవసుపాయ్ తెగవారు, తమను పీడిస్తున్న మధుమేహానికి కారణం తెలుస్తుందన్న ఆశతో, 1990 నుంచి అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. 2003లో అక్కడ ఒక పీహెచ్‌డీ విద్యార్థి ప్రసంగానికి వెళ్లిన ఆ తెగ మహిళ కార్లెటా టిలౌసీ, ఆ రక్తాన్ని మధుమేహంతో సంబంధం లేని పరిశోధనలకూ వాడారని గ్రహించి, అందుకు అనుమతి తీసుకున్నారా అని అడిగారు. చివరకు 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది. ఆ రోజు ఆమె అక్కడ లేకపోతే ఆ ప్రశ్న అడిగే దిక్కే లేదు.

మీరు చేసిన పనినే చూడండి. వేలికొన నుంచి తీసిన చుక్కను ద్రావణంలో కలిపి, ట్యూబు వెనక గీతల కాగితం పెట్టి, గీతలు కనబడకపోతే పాజిటివ్ అని రాసుకుంటారు. ఆ మనిషి వాహకుడా (అంటే తనకు జబ్బు లేకున్నా పిల్లలకు అందించగలవాడా), రోగియా అన్నది ఈ పరీక్ష తేల్చదు. దానికి రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ వంటి మరో పరీక్ష కావాలి. ఆ ఫలితం వచ్చేలోగా ఆ ఇంటి ఆడపిల్లకు కుదిరిన సంబంధం ఏమవుతుందన్నది ఊరి మనిషికి తట్టినట్టు పైనుంచి వచ్చినవారికి తట్టదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది కనుక ఇది చిన్న ప్రశ్నేమీ కాదు.

ఇక దారి విషయం. బీఎస్సీతో నేరుగా పీహెచ్‌డీకి వెళ్లడం కష్టం కాబట్టి ముందు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) గానీ ఎమ్మెస్సీ నర్సింగ్ గానీ చేయండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రంలోనూ ఎంపీహెచ్ ఉంది. తర్వాత పీహెచ్‌డీకి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 మంది ఎస్టీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఇస్తోంది. జబల్‌పూర్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి గిరిజన ఆరోగ్య పరిశోధన కోసమే ఒక సంస్థ ఉంది.

అయితే ఫెలోషిప్ గడువు అయిదేళ్లు. ఆ తర్వాత ఉద్యోగం లేకపోతే చదివినవారు మళ్లీ ఏదో ఆసుపత్రిలో నర్సుగానే చేరవలసి వస్తుంది. ఆస్ట్రేలియాలో జాతీయ వైద్య పరిశోధన మండలి తన పరిశోధన నిధుల్లో కనీసం 5 శాతం అక్కడి ఆదివాసుల ఆరోగ్యానికి కేటాయిస్తోంది. ఇలా వాటా రాసిపెట్టనిదే ఉద్యోగాలు నిలవవని నా నమ్మకం.

ఈలోగా మరో సర్వేకు పిలుపొస్తే, చేరకముందే నివేదిక గ్రామసభలో మీ భాషలో చదివి వినిపిస్తారా అని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. గిరిజనుల సమ్మతిని ఊరి పెద్దలతో, స్థానిక భాష తెలిసినవారితో సంప్రదించి తీసుకోవాలని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలే చెబుతున్నాయి. అంటే మీరు అక్కడ ఉండటం ఎవరో చేసే ఉపకారం కాదు. సర్వేలో ఇంటింటా జనం మిమ్మల్ని అడిగిన ప్రశ్నలను తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎంపీహెచ్‌లో డిసర్టేషన్‌కు అంశం ఏమిటని అడిగిన రోజున అది అక్కరకొస్తుంది.