ముసలితనం మీద పరిశోధనల గురించి రాయడం ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. పీహెచ్‌డీ చేస్తుందనుకుంటే, పెద్ద వయసులో ఆరోగ్యం మీద జరిగే పరిశోధనల గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా రాస్తానంటోంది. ఇదీ ఒక ఉద్యోగమేనా? ఇంకేమైనా చదవాలా?
- ఒక తండ్రి

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే ఆ పేరుతో ప్రకటన పడదు. పరిశోధన సంస్థల కమ్యూనికేషన్స్ విభాగాలు, రోగులకిచ్చే సమాచారం తయారుచేసే ఆసుపత్రులు, సైన్స్ జర్నళ్లు, పత్రికల ఆరోగ్య పేజీలు, మెడికల్ రైటింగ్ కంపెనీలు... ఇలా తలా ఒక చోట చెదిరి ఉంటుంది. వీటిలో మెడికల్ రైటింగ్‌లోనే ఎక్కువ ఖాళీలు ఉంటాయి గానీ, అక్కడ రాసేది చాలావరకు ఔషధ నియంత్రణ సంస్థల కోసం, డాక్టర్ల కోసం. జనం కోసం రాయాలన్నది అమ్మాయి కోరికైతే ఈ తేడా ముందే తెలిసుండాలి.

అమ్మాయి బాగా రాస్తుందా అని నేను అడగను. ఒక ఫలితం ఎంతవరకు నిజమో అంతవరకే చెప్పి ఆగగలదా అని అడుగుతాను. ఈ రంగంలో కష్టమంతా అక్కడే ఉంది.

అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. అందులో ఒక ట్రయల్‌లో, నెలసరి ఆగిపోయిన 16,608 మంది స్త్రీలలో దాదాపు సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే హార్మోన్లు కలిపిన మాత్ర ఇచ్చారు. మిగతావాళ్లకు ప్లసీబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర. రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందని తేలింది, 2002లో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. వార్త బయటికి రాగానే ఎంతోమంది స్త్రీలు భయపడి మాత్రలు మానేశారు. ఇప్పుడు అదే ఫలితాన్ని ఇలా చెప్పి చూడండి: పదివేల మందిని ఏడాదిపాటు గమనిస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 30 మందికి, అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో 38 మందికి ఆ క్యాన్సర్ వచ్చింది. తేడా ఎనిమిది మంది. రెండూ నిజాలే. మొదటిది చదివితే గుండె గుభేలుమంటుంది, రెండోది చదివితే డాక్టర్ని కలిసి నా సంగతేమిటని అడగాలనిపిస్తుంది. పైగా ఆ స్త్రీల సగటు వయసు 63. నెలసరి ఆగే వయసులో వచ్చే ఒంట్లో ఆవిర్లు తట్టుకోలేక ఆ మాత్ర అడిగేవాళ్లు ఎక్కువగా అంతకంటే చిన్నవాళ్లు. ఈ మూడు ముక్కలూ ఒకే పేరాలో ఇమడ్చగలిగితే అమ్మాయికి పని వచ్చినట్టే.

ఎలుకల సంగతి మరీ ఘోరం. 2009లో రాపమైసిన్ అనే మందు ముసలి ఎలుకల ఆయుష్షు పెంచిందని తేలింది. మంచి పరిశోధన, మూడు వేర్వేరు ల్యాబుల్లో చేశారు. అదే మందును అవయవమార్పిడి రోగులకు రోగనిరోధక శక్తిని అణచడానికి ఇస్తారన్న మాట మాత్రం 'యవ్వనాన్నిచ్చే మాత్ర' అనే హెడ్డింగుల కింద కనిపించదు!

వేరే డిగ్రీ ఇప్పుడే అక్కర్లేదు. బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనల లెక్కలు), ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం) మాత్రం గట్టిగా చదవమనండి. బయోకెమిస్ట్రీ వాళ్లు సాధారణంగా తప్పించుకునేవి ఈ రెండే. కొక్రేన్ క్రౌడ్ అని ఒకటుంది. పరిశోధనల సారాంశాలు చదివి, ఏది నిజంగా రాండమైజ్డ్ ట్రయలో (అంటే ఎవరికి ఏ చికిత్సో చీటీ తీసినట్టు పంచి చేసిన పరీక్షో) గుర్తుపట్టే పనిని అక్కడ స్వచ్ఛందంగా ఎవరైనా చేయొచ్చు. డబ్బు రాదు గానీ కన్ను పదునెక్కుతుంది.

డబ్బు మాటొచ్చింది కాబట్టి ఇంకో విషయం. కాస్త పేరు రాగానే సప్లిమెంట్లు అమ్మేవాళ్లు తలుపు తడతారు, అదీ మంచి పారితోషికంతో. ఒక్కసారి వాళ్ల క్యాప్సూల్ గురించి డబ్బు తీసుకుని రాస్తే, తర్వాత ఏం రాసినా అనుమానంగానే చదువుతారు. తొలి రెండేళ్లు నెలజీతం వచ్చే ఉద్యోగంలో ఉండమని నేను చెప్పేది అందుకే.

రాసినదాన్ని సరిదిద్దుకునే అలవాటూ కావాలి. మధ్యధరా ఆహారం (ఆలివ్ నూనె, కూరగాయలు, గింజపప్పులు ఎక్కువగా ఉండే తిండి) గుండెకు మంచిదని 2013లో పేరుపొందిన ప్రెడిమెడ్ ట్రయల్ పత్రాన్ని, మనుషులను గుంపులుగా విడదీయడంలో జరిగిన పొరపాట్ల వల్ల 2018లో రచయితలే వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ వేసి ప్రచురించారు. ఫలితం పెద్దగా మారలేదు, కానీ చెప్పే తీరులో ధీమా తగ్గించుకున్నారు. మొదటిది చూసి రాసినవాళ్లలో ఎంతమంది వెనక్కెళ్లి తమ వ్యాసం దిద్దుకుని ఉంటారంటారు?

ఈ వారంలో ఒక పని చేయండి. అమ్మాయిని ఒక కొత్త పరిశోధనాపత్రం తీసుకోమనండి. మనుషుల మీదా, ఎలుకల మీదా? ఎంతమంది? ఎన్నాళ్లు? దేనితో పోల్చారు? ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఇవన్నీ వచ్చేలా రెండొందల మాటల్లో రాయమనండి. అది మీరే చదవండి. చదవడం పూర్తవగానే మందుల షాపుకు పరిగెత్తాలనిపిస్తే, మళ్లీ రాయమని వెనక్కివ్వండి. ఇలా నాలుగైదు పత్రాలయ్యాక కూడా తనకు విసుగు పుట్టకపోతే ఈ దారిలో వెళ్లనివ్వండి. అప్పటిదాకా పీహెచ్‌డీ దరఖాస్తుల గడువులు మాత్రం దాటిపోకుండా చూసుకోండి. ల్యాబులో గడిపిన ఏళ్లు ఈ రాతకు కూడా పనికొస్తాయి.