22 కిలోమీటర్ల అడవి లూప్, 31 డబ్బాలు: ఒక్క రోజులో అవుతాయా?

కావు. నడక అవుతుంది, డబ్బాలు కొన్ని అవుతాయి. రెండూ పూర్తిగా కావాలంటే మీకు పగలు చాలదు, మీ తమ్ముడికి ఓపిక చాలదు.

మీరు అడిగింది ఇదీ: బయలుదేరిన చోటికే తిరిగి చేర్చే 22 కిలోమీటర్ల అడవి బాట, మొత్తం మీద 500 మీటర్ల ఎక్కుడు. జియోక్యాషింగ్ యాప్ తెరిస్తే ఆ బాట వెంట 31 క్యాష్‌లు కనిపిస్తున్నాయి. పొద్దున్నే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి సాయంత్రానికల్లా అన్నీ వెతికి వచ్చేయాలని మీ కోరిక. నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇలాగే అనుకుని వెళ్ళి, చీకట్లో తడుముకుంటూ తిరిగి వచ్చాను. అందుకే జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు, డబ్బా. ఎవరో ఒక డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతారు. మనం వెతికి పట్టుకుని, లోపలి పుస్తకంలో పేరూ తేదీ రాసి, దాన్ని ఉన్నచోటనే పెట్టి వస్తాం. పౌరులు వాడే జీపీఎస్ సంకేతంలో కావాలనే కలుపుతూ వచ్చిన తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో ఆపేసింది. అంతవరకు 100 మీటర్ల దాకా పక్కకు చూపించిన పరికరాలు రాత్రికి రాత్రే దారికొచ్చాయి. అది జరిగిన వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టు దాచి, అది ఎక్కడుందో ఇంటర్నెట్‌లో అంకెలతో సహా చెప్పారు. జియోక్యాషింగ్ అలా మొదలైంది. ఆ రోజు ప్రభుత్వం తీసేసిన తప్పును అడవిలో చెట్లు కొంత మళ్ళీ తెచ్చిపెడతాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు లెక్క చూద్దాం. కొండ నడకకు పట్టే సమయం అంచనా వేయడానికి నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. సుమారుగా 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మీ బాటకు ఐదుంపావు గంటలు వస్తుంది. అది బలంగా నడిచేవాళ్ళ లెక్క, ఆగి ఊపిరి పీల్చుకోవడం అందులో లేదు. తిండికీ విశ్రాంతికీ ఒక గంట కలపండి. ఇక డబ్బాలు. బాట వదిలి లోపలికి వెళ్ళడం, వెతకడం, చుట్టి ఉన్న కాగితం విప్పి రాయడం, మళ్ళీ చుట్టి దాచడం, బాట మీదికి రావడం, అన్నీ కలిసి ఒక్కోదానికి సగటున 12 నిమిషాలు పడతాయి. ఇది నా నోటు పుస్తకం చెబుతున్న అంకె. 31కి ఆరు గంటల పైన. మొత్తం పన్నెండున్నర గంటలు, అదీ ఏ ఒక్కటీ మొండికేయకుండా దొరికితే.

అయితే ఒకటి తప్పకుండా మొండికేస్తుంది.

మా మొదటి లూప్ 19 కిలోమీటర్లు, అందులో 17 డబ్బాలు. నేనూ మా బావమరిదీ వెళ్ళాం. నాలుగు చకచకా దొరికాయి. ఐదోది చిటికెన వేలంత లోహపు గొట్టం అట. సూచన ఏమిటో చూస్తే, "చెట్టు దగ్గర" అని ఉంది. అడవిలో! ప్రతి చెట్టు మొదలూ చూశాం, ప్రతి తొర్రా చూశాం. ఇక పోదాం అన్నప్పుడల్లా బావమరిది "బావా, ఒక్క ఐదు నిమిషాలు" అనేవాడు. తీరా వాడు సరే పోదాం అనేసరికి, ఇంకో ఐదు నిమిషాలు కావాలని నేనే అడిగాను. అలా 50 నిమిషాలు పోయాయి. గొట్టం దొరకలేదు. పోయిన సమయాన్ని తర్వాతి డబ్బాల దగ్గర మిగుల్చుకోవచ్చని అనుకున్నాం కానీ, తొందరపడే కొద్దీ కళ్ళు పనిచేయవు. నాలుగు కిలోమీటర్లు మిగిలి ఉండగానే చీకటి పడింది. ఇద్దరికీ కలిపి ఒకే తలదీపం. నా ఫోనులో 9 శాతం చార్జింగ్. ఒక మలుపు దాటిపోయి, ఎంతో దూరం వెళ్ళాక గానీ తెలియలేదు. దెబ్బలేమీ తగలలేదు, అంతవరకు అదృష్టమే.

ఇంటికి వచ్చాక యాప్‌లో ఆ ఐదోదాని పేజీ తీరిగ్గా చదివాను. మాకంటే ముందు వరుసగా నలుగురు "దొరకలేదు" అని రాసి ఉన్నారు. బయలుదేరే ముందు ఆ పేజీ చదవడానికి రెండు నిమిషాలు చాలు.

అందుకే నా మాట ఒక్కటే. ఏ డబ్బాలు వెతకాలో అడవిలో నిర్ణయించుకోవద్దు, ఏవి వదిలేయాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి. 31లో 10 లేదా 11 ఉంచుకుని మిగతావి జాబితా నుంచి కొట్టేయండి. ఫోనులో చుక్కలు కనిపిస్తూ ఉంటే మనసు ఆగదు. జాబితాలోనే లేకపోతే వాటి జోలికే పోము.

కొట్టేయడం ఎలాగంటే, మొదట చివరి నాలుగైదు లాగ్‌లు, అంటే వెతికినవాళ్ళు ఆ పేజీలో రాసినవి, చదవండి. ఈ మధ్య ఎవరికీ దొరకనివి తీసేయండి. తర్వాత కష్టం, నేల అని రెండు అంకెలుంటాయి, 1 నుంచి 5 దాకా, అరల చొప్పున. మొదటిది వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, రెండోది అక్కడికి చేరడం ఎంత కష్టమో చెబుతుంది. పొడవాటి నడకలో నేల 3 ఉన్నా నాకు ఇబ్బంది లేదు, ఎటూ నడవడానికే వెళ్తున్నాం. కష్టం రెండున్నర దాటితే మాత్రం దాని కోసం వేరే రోజు కేటాయించాలి. పరిమాణం కూడా చూడండి. 100 మిల్లీలీటర్ల కంటే చిన్నవాటిని మైక్రో అంటారు. అడవిలో మైక్రో దాచడం నాకు ఎప్పటికీ అర్థం కాని సరదా. అంత చోటు పెట్టుకుని అగ్గిపెట్టెలో సగం కూడా లేనిది దాచడమేమిటి? లీటరు, అంతకు పైబడినవాటికి మొదటి చోటు ఇవ్వండి.

పజిల్ రకం (చిక్కుముడి విప్పితేనే అసలు చోటు తెలిసేది) ఉంటే ఇంట్లోనే విప్పి, వచ్చిన అంకెలను జాగ్రత్తగా ఎక్కించుకోండి. ఈ ఆటలో అంకెలు డిగ్రీలు, నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు), నిమిషాలకు మూడు దశాంశ స్థానాలుగా ఇస్తారు. 30.500 నిమిషాలు అంటే ముప్పైన్నర నిమిషాలు. దాన్ని 30 నిమిషాల 50 సెకన్లుగా చదివితే అక్షాంశంలో 600 మీటర్లకు పైగా తప్పుతారు. ఎర్త్‌క్యాష్ అనే రకానికి డబ్బానే ఉండదు. ఒక రాతినో వాగునో పరిశీలించి భూగర్భ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలకు జవాబు రాయాలి. అలాంటిది దారిలో ఉంటే భోజనం అక్కడే పెట్టుకోండి, విశ్రాంతి గంటలోనే పని అయిపోతుంది.

లూప్‌కు ఒక స్వభావం ఉంది. సగం దాటాక వెనక్కి తిరగడం కంటే ముందుకు పోవడమే దగ్గర. కాబట్టి మానుకోవాలా వద్దా అనేది సగానికి ముందే తేల్చుకోవాలి. మధ్యలో లూప్‌ను కోసే అడ్డదారులు ఏమైనా ఉన్నాయేమో మ్యాపులో చూసి గుర్తు పెట్టుకోండి. ఎక్కువ డబ్బాలున్న సగం మొదట వచ్చే దిశలో నడవండి, అప్పుడు కాళ్ళలో బలమూ ఆకాశంలో వెలుగూ రెండూ ఉంటాయి. రెండో సగంలో రెండో మూడో చాలు. వాటిలో ఒకటి మాత్రం పెద్దదీ, తప్పకుండా దొరికేదీ, పదిహేనో కిలోమీటరు ప్రాంతంలో ఉండేలా చూసుకోండి. తమ్ముళ్ళు డీలా పడేది అక్కడే.

ఇక చెట్ల సంగతి. ఆరుబయట ఫోను నాలుగైదు మీటర్ల తేడాలో చూపిస్తుంది. దట్టమైన చెట్ల కింద ఉపగ్రహాల సంకేతాలు కొమ్మలకూ తడి ఆకులకూ తగిలి బలహీనపడి వస్తాయి, కొన్ని పక్కనున్న బండకు తగిలి చుట్టూ తిరిగి వస్తాయి. అప్పుడు తేడా పది పదిహేను మీటర్లు కావచ్చు. దాచినవాళ్ళ ఫోనుకూ అదే తిప్పలు, ఆ తప్పూ మన తప్పూ కలుస్తాయి. కాబట్టి యాప్‌లో డబ్బా వైపు చూపే బాణం గుర్తు సున్నా చూపించేదాకా దాని వెంట తిరగకండి. అది దారి చూపదు, తిన్నగా గీత గీసి చూపిస్తుంది. మధ్యలో వాగు ఉందో ముళ్ళపొద ఉందో దానికి పట్టదు. బాట మీదే నడుస్తూ ఉండండి. దూరం తగ్గుతూ తగ్గుతూ వచ్చి మళ్ళీ పెరగడం మొదలైన చోటు బాటకు డబ్బా అతి దగ్గరగా ఉన్న చోటు. అక్కడ నుంచి లోపలికి తిరగండి. పది మీటర్లలోకి వచ్చాక ఫోను జేబులో పెట్టేయండి.

అక్కడ నుంచి కళ్ళ పని. అడవి వస్తువులను వరుసలో పేర్చదు. పుల్లలన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకుని ఉన్నాయంటే ఎవరో పడుకోబెట్టారన్నమాట. చుట్టూ రాళ్ళన్నిటికీ పైన నాచు ఉండి ఒక్కదానికి మాత్రం పక్కన ఉంటే, ఆ రాయిని ఎవరో తిప్పారు. నేను చూసినవాటిలో నాకిష్టమైనది ఒక పడిపోయిన మాను కింద దొరికింది. బెరడు ముక్కలు మూడు, మూతలాగా ఆనించి ఉన్నాయి. ముందు కర్రతో కదిపి చూసి (తొర్రలోకి నేరుగా చెయ్యి ఎప్పుడూ పెట్టకండి, పామో కందిరీగలో ముందే అద్దెకు దిగి ఉండవచ్చు), వాటిని పక్కకు జరిపితే పాత తూటాల పెట్టె కనిపించింది, ఆకుపచ్చ రంగు అంచుల దగ్గర పెచ్చులు లేచిపోయి. గొళ్ళెం బిగుసుకుపోయి ఉంది, రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కుమని తెరుచుకుంది. లోపల నూనె వాసన. రెండు గోళీలు, తోక విరిగిన ప్లాస్టిక్ డైనోసార్, మొన పోయిన పెన్సిల్ ముక్క, జిప్ సంచిలో పొడిగా ఉన్న నోటు పుస్తకం. చివరి సంతకం ఏడు నెలల కిందటిది. ఏడు నెలలుగా ఆ మూత ఎవరూ తీయలేదు. దాన్ని చూశాక మా బావమరిది కాసేపు మాట్లాడలేదు, అది చాలా అరుదు.

ఒక్కోదానికి 15 నిమిషాలు, అంతకు మించి వద్దు. గడియారంలో అలారం పెట్టుకోండి, మోగగానే వాదన లేకుండా కదలండి. సూచన చూడటానికి సిగ్గుపడనవసరం లేదు. సూచనలను ఒక్కో అక్షరాన్ని పదమూడు స్థానాలు జరిపి రాస్తారు, యాప్‌లో ఒక్కసారి నొక్కితే విప్పేస్తుంది. ఒకే డబ్బా కోసం వెళ్ళిన రోజున పట్టుదల బాగుంటుంది, 22 కిలోమీటర్ల రోజున బాగుండదు. నేల తవ్వకండి, నాచు పీకకండి. అనుమతి లేకుండా నేల తవ్వి దాచడం నియమాలకు విరుద్ధం, కాబట్టి మట్టిలో వెతకవలసిన పని సాధారణంగా ఉండదు.

సామానులో పెన్ను మరవకండి, డబ్బాలో ఉండేది ఎప్పుడూ పనిచేయదు. చిన్న గొట్టాల నుంచి కాగితం లాగడానికి పట్టకారు ఉండాలి. తలదీపాలు ఇద్దరికీ రెండు తీసుకెళ్ళండి. మ్యాపూ, జాబితాలోని పేజీలూ ముందే ఫోనులోకి దించుకుని, నడకలో ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ మొబైల్ సిగ్నల్ లేకుండానే పనిచేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. పవర్ బ్యాంకు ఉన్నా కాగితం మ్యాపు ఒకటి సంచిలో వేయండి. ఇంటికి రాగానే ఒంటి మీద పిడుదులేమైనా పట్టాయేమో చూసుకోండి, ముఖ్యంగా మోకాళ్ళ వెనక.

11 డబ్బాలతో మీ లెక్క ఎనిమిదిన్నర గంటలకు దిగుతుంది. సూర్యాస్తమయానికి గంటన్నర ముందే లూప్ పూర్తయ్యేలా వెనక్కి లెక్కించి బయలుదేరే సమయం పెట్టుకోండి. ఆ 11లో రెండింటిని మీ తమ్ముణ్ణే ఎంచుకోమనండి, అవి పనికిమాలిన మైక్రోలైనా సరే.

మిగతా 20 ఎక్కడికీ పోవు. మరుసటి సంవత్సరం మేము అదే 19 కిలోమీటర్లను ఎదురు దిశలో నడిచాం. పాత గొట్టం వానల్లో కొట్టుకుపోయిందని రాసి, దాచినవారు ఈలోగా అక్కడ కొత్తది పెట్టారు. బావమరిది దాన్ని రెండు నిమిషాల్లో తీసి నా చేతిలో పెట్టాడు. సూచన ఇప్పటికీ "చెట్టు దగ్గర" అనే ఉంది.