టీకా వేసిన కోడి రోగం అంటిస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా పెరట్లో ఇరవై నాటుకోళ్ళున్నాయండి, అన్నిటికీ లసోటా టీకా చుక్కలు వేయించా. పక్కింట్లో మా తోడికోడలివి పదిహేను, వాటికేమీ వేయించలేదు. పోయిన వారం తన కోళ్ళు పచ్చగా పారుకుంటూ మెడలు మెలికలు తిరిగి నాలుగు రోజుల్లో పన్నెండు పోయాయి. నావి రెండు కాస్త ముడుచుకుని కూర్చుని మళ్ళీ లేచాయి, అంతే. ఇప్పుడావిడ "నీ టీకా కోళ్ళే అంటించాయి" అని ఊరంతా చెప్తోంది. అలా జరుగుతుందా?

జవాబు: అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే కొక్కెర తెగులే అనిపిస్తోంది, అదే రాణీఖేత్. మీ తోడికోడలిది పూర్తిగా అబద్ధం అని మాత్రం నేను అనలేను, కోప్పడకండి. టీకా వల్ల కోడి ఒంట్లో రక్షణ వస్తుంది, వైరస్ మెదడుకీ పేగులకీ పాకి చంపకుండా ఆపుతుంది, కానీ గొంతులోకి వచ్చిన వైరస్ అక్కడే కొంచెం పెరగకుండా పూర్తిగా ఆపలేదు, కాబట్టి పైకి బాగున్న కోడి కూడా కొన్నాళ్ళు రెట్టలోనూ సొంగలోనూ వైరస్‌ని బయటికి వదుల్తుంది. టీకా లేని కోడి వదిలే దానికంటే చాలా తక్కువే అనుకోండి. అసలు జబ్బు సంత నుంచి వచ్చిందో, ఎవరి చెప్పులకి అంటుకుని వచ్చిందో ఎవరు చూశారు, ముందు ఆవిడ కోళ్ళకే వచ్చి అక్కణ్ణుంచి మీ రెండిటికీ అంటి ఉండొచ్చు కదా!

టీకా వేసిన కోడి వైరస్ వదలడం బాగా తేలిన ఇంకో జబ్బుంది, మారెక్స్ అని, దాంట్లో కాళ్ళు చచ్చుబడతాయి, ఆ వైరస్ ఈకల మొదళ్ళలో పెరిగి పొట్టుతో పాటు దుమ్ములో కలుస్తుంది. 2015లో ఆండ్రూ రీడ్ అనే శాస్త్రవేత్తా, ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ పరిశోధన సంస్థ వాళ్ళూ దాని మీద ప్రయోగాలు అచ్చేశారు. బాగా ముదురు రకం వైరస్ ఎక్కిస్తే టీకా లేనివి ఎక్కువ వైరస్ వదిలేలోపే చచ్చిపోయాయి, టీకా వేసినవి బతికి వారాల తరబడి వదుల్తూనే ఉన్నాయి. అది చదివి టీకానే మానేస్తామన్న వాళ్ళని చూశాను, మానేస్తే చచ్చేది మన కోళ్ళే కదండీ. పైగా దీన్ని రాణీఖేత్‌కి అలాగే అంటగట్టకూడదు.

ఇప్పుడు చెయ్యాల్సింది: చచ్చినవాటిని చెరువు గట్టున పడెయ్యకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చమనండి. మిగిలిన మూడింటికీ జబ్బుగా ఉండగా టీకా వెయ్యొద్దు. తగ్గాక ఇద్దరూ, కుదిరితే వీధంతా, ఒకే రోజు వేయించండి. మందు ఐస్ ఫ్లాస్కులోనే తేవాలి, ఎండలో జేబులో పెట్టుకుని తెచ్చే మహానుభావులున్నారు, దాంతో కోడికి కళ్ళు తడవడం తప్ప ఏమీ ఉండదు. ఇంకోటి, కంట్లో చుక్క పడగానే వదిలెయ్యకండి, రెప్ప కొట్టి చుక్క లోపలికి పోయేదాకా పట్టుకోండి.