బాబుకి రాయలవారి వేషం కుట్టబోతున్న బుజ్జికి

బుజ్జీ,

బాబుకి స్కూల్లో కృష్ణదేవరాయల వేషం ఇచ్చారని, అద్దెకి తేకుండా నువ్వే కుడతానని పట్టుబట్టావని మీ అమ్మ చెప్పింది. మంచి పని. అద్దె డ్రెస్సుల సంగతి నాకు తెలుసు. మెడ దగ్గర చమ్కీలు గీసుకుపోతాయి, లోపల లైనింగ్ ఉండదు, స్టేజీ ఎక్కకముందే పిల్లవాడు గోక్కోవడం మొదలుపెడతాడు. మిషన్ మీద దిండు గలీబులు తప్ప ఇంకేమీ కుట్టలేదని టెన్షన్ పడుతున్నావట. గలీబు తిన్నగా కుట్టగలిగితే ఈ అంగీలో ముప్పాతిక పని వచ్చినట్టే.

ముందు సినిమాల్లో చూసిన రాయలవారిని పక్కన పెట్టు. బంగారు కిరీటం, వెల్వెట్ కోటు, భుజాల మీద కుచ్చులు, ఇవన్నీ నాటకాల వాళ్ల పెట్టెలోంచి వచ్చినవి. 1509 నుంచి 1529 దాకా ఏలిన ఆ మనిషిని దగ్గరనుంచి చూసిన వాడొకడున్నాడు, డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చాడు. రాజు తెల్లని బట్టల్లో ఉన్నాడని, వాటి మీద బంగారు గులాబీలు కుట్టి ఉన్నాయని, మెడలో వజ్రాల హారం, తల మీద జరీ టోపీ ఉన్నాయని రాశాడు. కాళ్లకి ఏమీ లేవట. రాజున్న చోటికి ఎవరైనా వట్టి కాళ్లతోనే వెళ్లాలట. కాబట్టి జరీ చెప్పుల కోసం ఊరంతా తిరిగే పని నీకు తప్పింది.

ఆ టోపీ ఆకారం తెలియాలంటే తిరుమలలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయలవారి విగ్రహం ఫొటో చూడు. పొడుగ్గా, పైకి పోయేకొద్దీ సన్నబడే కుళ్లాయి. దేవుడి ముందు నిలబడ్డ రూపం కదా, అక్కడ ఒంటి మీద అంగీ లేదు. అంగీ కోసం లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలు చూడు. అవి రాయలవారి తర్వాత, అచ్యుతరాయల కాలంలో వేసినవి. పొడుగు చేతుల అంగీలు, నెత్తిన కుళ్లాయిలు కనిపిస్తాయి. ఆ అంగీనే కబాయి అనేవారు. సుల్తానుల దర్బారుల తీరు చూసి మన రాజులు కూడా తొడుక్కున్న వేషం. అంగీ లేకుండా స్టేజీ ఎక్కమంటే మనవాడు ఏడుస్తాడు కాబట్టి, మనకి దర్బారు వేషమే నయం.

నీకు మేలు చేసే సంగతి ఇక్కడే ఉంది. పాతకాలపు అంగీల్లో చాలావాటిని నలుచదరపు ముక్కలతోనే కుట్టేవారు. మగ్గం మీద నేసిన గుడ్డని వంపులు తిప్పి కోస్తే వృథా అవుతుంది కదా. అందుకే నీకు డార్టులు (ఒంటికి అమరడానికి కుట్టే మడతలు), గుండ్రని చంకలు ఏవీ అక్కర్లేదు. ఈ కాలపు షర్టు కుట్టడం దీనికి నాలుగింతలు కష్టం.

గుడ్డ తెల్లని నూలుదే తీసుకో. 44 అంగుళాల పన్నాది 2 మీటర్లు చాలు. పాలిస్టర్ శాటిన్ జోలికి వెళ్లకు. మెరుపు సరే గానీ సూది కింద జారుతుంది, లైట్ల వేడికి పిల్లవాడు తడిసిపోతాడు. కోసే ముందు గుడ్డని తడిపి, ఆరేసి, ఇస్త్రీ చెయ్. ఇది మానేస్తే మొదటి ఉతుకుకే అంగీ కురచవుతుంది.

కొలతలు బాబు ఒంటి మీదే తియ్యి, వాడి చొక్కా మీద కాదు. ఛాతీ చుట్టూ 24 అంగుళాలు వచ్చిందనుకో, దానికి ఇంకో 6 కలుపు. ముందు 15, వెనక 15. రెండు పక్కలా కుట్టుకి అర అంగుళం చొప్పున వదిలితే 16 అంగుళాల వెడల్పున్న ఒకే పొడవాటి ముక్క. దాన్ని భుజాల దగ్గర మడవడమే, భుజం కుట్టు ఉండదు. పొడవు మోకాలి కిందికి నాలుగు వేళ్లు రానివ్వు. చేతుల పొడవు దగ్గరే కొత్తవాళ్లు తికమకపడతారు. బాబు చెయ్యి పక్కకి చాపితే, మెడ వెనక ఎముక నుంచి మణికట్టు దాకా కొలువు. అందులోంచి అంగీ వెడల్పులో సగం, అంటే ఏడున్నర తీసేస్తే వచ్చేదే చెయ్యి పొడవు. కుట్టుకీ, అంచు మడతకీ ఇంకో అంగుళంన్నర కలుపుకో. వెడల్పు భుజం దగ్గర 12, మణికట్టు దగ్గర 8 అంగుళాలు పెట్టు.

మెడ మాత్రం చాలా చిన్నగా కోయి. ఎక్కువ కోస్తే మళ్లీ అతికించలేవు, తక్కువైతే ఇంకో పావు అంగుళం తీయొచ్చు. తల దూరడానికి ముందు వైపు 5 అంగుళాల చీలిక పెట్టి, పైన ఒక టిచ్ బటన్ వెయ్యి. మెడ చుట్టూ క్రాస్ ముక్కతో, అంటే ఏటవాలుగా కోసిన సన్న పట్టీతో పైపింగ్ చేస్తే ఒంటికి గుచ్చుకోదు.

ఇదంతా ముందు ఓ పాత దుప్పటి మీద చేసి చూడు. కచ్చాకుట్టు వేసి బాబుకి తొడిగి, రెండు చేతులూ పైకెత్తమను, గొంతుక్కూర్చోమను. ఎక్కడ పట్టేస్తే అక్కడ సుద్దతో గీత పెట్టుకో. బద్ధకించి ఈ పని మానొద్దు సుమా.

పువ్వులు అంగీ పక్కలు కలపకముందే, గుడ్డ బల్ల మీద పరిచి ఉన్నప్పుడే వేసెయ్. ఎంబ్రాయిడరీ అంటే నెలలు పడుతుంది. అట్టముక్కలో గులాబీ ఆకారం కత్తిరించి, బంగారు రంగు ఫ్యాబ్రిక్ పెయింట్‌ని స్పాంజితో అద్దు. రంగు చిక్కగా ఉండాలి, పల్చనైతే అట్ట కిందికి పాకుతుంది. పూర్తిగా ఆరాక తిరగేసి, వెనక వైపు నుంచి ఇస్త్రీ చెయ్. స్టేజీ మీద పది అడుగుల దూరం నుంచి చూస్తే జరీ పనికీ దానికీ తేడా తెలియదు.

ఇక చంక. చేతులు నేరుగా అతికించేస్తే కత్తి ఎత్తినప్పుడల్లా అంగీ మొత్తం పైకి లేస్తుంది. అందుకని చంక కింద 4 అంగుళాల చదరపు ముక్క వేస్తారు. ముందు చెయ్యి ముక్క మధ్యభాగం భుజం మడతకి సరిగ్గా ఆనేలా పెట్టి అంగీకి కలిపెయ్. తర్వాత చదరపు ముక్క ఒక అంచుని చెయ్యి కింది అంచుకి, దాని పక్క అంచుని అంగీ పక్క అంచుకి కుట్టు. మూల దగ్గరికి వచ్చేసరికి ఇంకా అర అంగుళం ఉండగానే ఆగాలి. సూది గుడ్డలోనే దించి ఉంచి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, గుడ్డని తిప్పి, మళ్లీ పాదం దించు. అది దాటి చివరిదాకా కుట్టేశావా, ఆ మూల ముడత పడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. అటు పని అయ్యాక అంగీని భుజం దగ్గర మడిచి, మిగిలిన రెండు అంచులూ అలాగే కలుపు. మణికట్టు నుంచి చంక దాకా, చంక కింది నుంచి నడుము దాకా కుట్టి వదిలెయ్. నడుము కింద రెండు పక్కలా చీలిక ఉంటే నడక బాగుంటుంది. మిషన్ మొరాయిస్తే చేత్తో కుట్టు. రాయలవారి దర్జీకి మాత్రం మిషన్ ఎక్కడిది!

కుళ్లాయే ఈ వేషానికి ప్రాణం. చూసేవాళ్లు ముందు చూసేది దాన్నే. బాబు తల చుట్టుకొలత ఇరవైన్నర అనుకుందాం, లైనింగ్ మందానికి అర కలిపితే 21. పాత పేపర్ మీద, దారానికి పెన్సిల్ కట్టి 10 అంగుళాల వ్యాసార్థంతో వంపు గియ్యి. ఆ వంపు వెంబడి టేపు వంచి 21 అంగుళాలు కొలిచి, రెండు కొసల్నీ మధ్య బిందువుకి కలుపు. నిండు వృత్తంలో దాదాపు మూడో వంతు వస్తుంది. దాన్ని చుట్టి బాబు నెత్తిన పెట్టి చూడు. తల పెద్దదైతే వంపు వెంబడి ఇంకొంచెం పెంచు, అంతే. తెలుపు మీద ఎరుపైతే నిండుగా ఉంటుంది. నీ పెళ్లినాటి పట్టుచీరల్లో మడతల దగ్గర చీలిపోయినది ఒకటి ఉంటుందిగా, దాని పవిట కొంగు ఇందుకు వాడు. లోపల బక్రం (టోపీని గట్టిగా నిలబెట్టే బిరుసు గుడ్డ), దాని లోపల మెత్తని నూలు లైనింగ్. నిలువు అంచుకి అర అంగుళం, కింది వంపుకి ఒక అంగుళం అదనంగా వదులు. లోపలికి మడిచే ముందు ఆ వంపు అంచుకి అంగుళానికొక చిన్న గాటు పెట్టు, అప్పుడే ముడత లేకుండా మడత కూర్చుంటుంది. మొన మరీ సూదిగా ఉంటే జోకర్ టోపీలా కనిపిస్తుంది, అందుకని పైకొసని కాస్త గుండ్రంగా కుట్టు. తాళ్లు మెడకి కట్టొద్దు, ప్రమాదం. లోపల రెండు వైపులా జడక్లిప్పులు కుట్టేస్తే జుట్టుకి పట్టుకుంటుంది.

కింద పంచె కట్టే శ్రమ పెట్టుకోకు. తెల్ల పంచెకి కుచ్చిళ్లు కుట్టేసి, నడుముకి ఎలాస్టిక్ వెయ్. బాత్రూముకి వెళ్లాలంటే పిల్లవాడు తనంతట తానే దించుకోగలగాలి. నడుముకి జరీ అంచు ఉత్తరీయం దట్టీలా బిగిస్తే చాలు. మీసం కాటుకతో గియ్యి, జిగురుతో అంటించకు.

స్టేజీ ఎక్కడానికి వారం ముందే ఒకసారి అంతా వేసి, ఓ గంట ఇంట్లో తిరగనివ్వు. ఎక్కడ గుచ్చుకుంటోందో వాడే చెప్తాడు. అంగీ అంచు కత్తిరించేయకుండా 2 అంగుళాలు లోపలికి మడిచి హెమ్మింగ్ చెయ్, వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. చంక దగ్గర చిక్కుపడితే, కుట్టు విప్పకుండా ఫొటో తీసి పంపు. మధ్యాహ్నం మూడు దాటాక ఎప్పుడైనా ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ