ధ్వని కంటే మూడు రెట్లా, ధ్వనికి మూడు రెట్లా?

సందేహం: మాది అమలాపురం. మా మనవడు ఏడో తరగతి. దసరా సెలవుల్లో విశాఖ తీసుకెళ్లి బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం చూపించాం. అప్పట్నుంచి వాడికి విమానాల పిచ్చి పట్టింది. బళ్లో ‘నేను చూడాలనుకునే వింత’ అని వ్యాసం రాయమంటే ఇలా మొదలుపెట్టాడు: ‘బ్లాక్‌బర్డ్ అనే అతిధ్వని విమానం ధ్వని కంటే మూడు రెట్లు ఎక్కువ వేగంగా ఎగిరి మ్యూజియంకు చేరింది.’ తెలుగు మాస్టారు ఈ ఒక్క వాక్యంలో మూడు చోట్ల సున్నాలు చుట్టి, ఒక మార్కు కోశారు. వాడు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఏది తప్పో, ఏది ఒప్పో చెప్పగలరు.

సమాధానం: మీరు పంపిన ఫొటోలో ఎర్రసిరా బాగానే కనబడింది. ‘మూడు రెట్లు ఎక్కువ’ పక్కన ‘అంటే నాలుగు రెట్లా?’ అనీ, ‘ఎగిరి... చేరింది’ కింద ‘ఎగురుకుంటూ లోపలికి దూరిందా?’ అనీ రాశారు. మాస్టారు సరదా మనిషే. ‘మ్యూజియంకు’ పక్కన మాత్రం వట్టి ఇంటూ మార్కు. నేను సున్నా చుట్టేవాణ్ణయితే ఆయన వదిలేసిన మాట ఒకటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు రెట్ల లెక్క. మాస్టారి వాదన అంకగణితం ప్రకారం గట్టిదే. నా దగ్గర వంద ఉండి, మీ దగ్గర నాకంటే వంద ఎక్కువుంటే మీకు రెండొందలు. అదే వరసలో, మూడు వందలు ఎక్కువంటే నాలుగొందలు. కానీ మాట లెక్కలోంచి పుట్టలేదు. ‘రెట్టించడం’ అంటే చేసిందే మళ్లీ చేయడం. ‘రెట్టించి అడిగాడు’ అంటే అదే ప్రశ్న రెండోసారి వేశాడని. అందుకే ‘రెట్టింపు’ అంటే మొదటిదీ రెండోదీ కలిపిన మొత్తం. ఎకరానికి పాతిక బస్తాలు పండే చేను ఈసారి రెట్టింపు పండిందంటే యాభై అనే అర్థం; డెబ్బై అయిదని మీ కోనసీమలో ఏ రైతూ అనుకోడు. ‘రెట్లు’ అనే మాట వాడకంలో రెండు నుంచే మొదలవుతుందని గమనించండి. 1947 అక్టోబర్ 14న చక్ యేగర్ బెల్ ఎక్స్-1 విమానంలో మొదటిసారి ధ్వనిని దాటాడు. అతని వేగం మాక్ 1.06, అంటే ధ్వని వేగం కంటే ఆరు శాతం ఎక్కువ. దాన్ని మనం ‘దాటాడు’ అంటాం, ‘మించాడు’ అంటాం. అక్కడ రెట్ల ప్రసక్తి రాదు.

పాత మాటలు ఇబ్బడి, ముమ్మడి కూడా మొత్తాన్ని చెప్పేవే. ఇరు, మూడు అనే అంకెలకు ‘మడి’ చేరింది. ఈ మడి వరిమడి కాదు, మడతలో ఉన్న మడి. గుడ్డను రెండు మడతలు పెడితే రెండు పొరలుంటాయి, మూడుండవు. ఇప్పుడు ‘ఇబ్బడిముబ్బడిగా’ అని కలిపేసి ‘బోలెడు’ అనే అర్థంలో వాడుతున్నాం, పాపం ఆ మాటలకు లెక్క పోయింది.

కాబట్టి మీవాడు ‘మూడు రెట్లు ఎక్కువ’ అంటే తెలుగువాడెవడూ నాలుగని అనుకోడు. మరి మాస్టారికి ఎక్కడ గుచ్చుకుంది? నా లెక్కన తేడా ‘కంటే’లో ఉంది. తెలుగులో రెట్లకు సహజంగా వచ్చే విభక్తి ‘కి, కు’. ‘దానికి రెట్టింపు’, ‘పోయినేడాదికి రెండింతలు’, ‘నా వయసుకు రెట్టింపు’ అంటాం. ‘కంటే’ అనేది ఎక్కువ తక్కువలకు తోడు వచ్చే మాట: ‘వీడి కంటే వాడు పొడుగు’. ‘ధ్వని కంటే’ అని ఎత్తుకున్నాక వాక్యం ‘ఎక్కువ’ను అడుగుతుంది, అందుకే కుర్రాడి కలం ఆ మాట రాసింది. రెండు పద్ధతులూ ఒక వాక్యంలో కలిసిపోయాయి. ‘ధ్వనికి మూడు రెట్ల వేగంతో’ అని రాస్తే ‘కంటే’తో పాటు ‘ఎక్కువ’ కూడా దానంతటదే రాలిపోతుంది, మాస్టారు ఆక్షేపించడానికీ ఏమీ మిగలదు. మాట్లాడుకునేటప్పుడు ‘మూడు రెట్లు ఎక్కువ’ అన్నా నేను తప్పుపట్టను. అంకె ముఖ్యమైన చోట మాత్రం రాయొద్దంటాను. ‘మూడు రెట్లు తక్కువ’ అని పేపర్లలో చూసినప్పుడు మాత్రం నాకూ ఎర్రసిరా బుడ్డి గుర్తొస్తుంది. మూడోవంతు అనే చక్కటి మాట ఉండగా ఆ తిప్పలెందుకు?

తమాషా ఏమిటంటే, ‘కంటే’ను చోటు మార్చి పెట్టుకుంటే అదే మాట నిజమవుతుంది: ‘ధ్వనికి మూడు రెట్ల కంటే ఎక్కువ’. 1976 జూలై 28న ఎస్సార్-71 బ్లాక్‌బర్డ్ అనే ఆ అమెరికా గూఢచారి విమానం గంటకు 3,529.6 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు పెట్టింది. మన నేల మీద, 15 డిగ్రీల దగ్గర, ధ్వని గంటకు సుమారు 1,225 కిలోమీటర్లు పోతుంది. దాంతో భాగిస్తే మూడు రెట్లకు కాస్త తక్కువే. కానీ బ్లాక్‌బర్డ్ ఎగిరేది పాతిక కిలోమీటర్ల ఎత్తున. అక్కడి గాలి గడ్డకట్టే చలిలో ఉంటుంది, చలిగాలిలో ధ్వని నెమ్మదిస్తుంది, గంటకు 1,075 దరిదాపుల్లోకి దిగుతుంది. దానితో పోలిస్తే 3.3 వస్తుంది. మాక్ అనే లెక్క ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలిలోని ధ్వనితో పోలికే. ఎర్న్‌స్ట్ మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త పేరది. మాక్ 3 అంటే గంటకు ఇన్ని కిలోమీటర్లని గాలి సంగతి తెలియకుండా చెప్పలేం. మీవాడికి ఇది చెప్పండి, మాస్టారితో వాదించడానికి పనికొస్తుంది.

ధ్వని నెమ్మదైనదని చూపించాలంటే విమానాలక్కర్లేదు. కాస్త వెడల్పాటి గోదావరి పాయ దగ్గరికి పొద్దున్నే తీసుకెళ్లండి. అవతలి రేవులో ఎవరో బట్టలుతుకుతుంటారు. గుడ్డ బండ మీద పడటం కనబడుతుంది, చప్పుడు రాదు. గుడ్డ మళ్లీ తల పైకి లేచేసరికి ‘ధబ్’మని వినబడుతుంది. మూడు వందల మీటర్లకు దాదాపు ఒక సెకను ఆలస్యం. చిన్నప్పుడు మా ఊరి రేవులో కూర్చుని, పైకి లేచిన గుడ్డే చప్పుడు చేస్తోందని చాన్నాళ్లు నమ్మాను.

ఇక మాస్టారు వదిలేసిన మాట, ‘అతిధ్వని’. సూపర్‌సోనిక్‌ను తెలుగు చేయాలన్న కుర్రాడి ఉత్సాహం మెచ్చుకోదగ్గదే, కానీ ఆ మాట వేరొకరి సొత్తు. మన సైన్సు పుస్తకాల్లో మనిషి చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దాలను అతిధ్వనులంటారు. ఆస్పత్రిలో కడుపు స్కానింగ్ చేసేది వాటితోనే. అతిధ్వని విమానం అంటే స్కానింగ్ మిషన్‌కు రెక్కలొచ్చినట్టుంటుంది. పైగా ‘అతి’ అనగానే మన చెవికి ‘అతి చేయకు’ గుర్తొస్తుంది, తీర్థంలో మైకుసెట్టు గుర్తొస్తుంది. ‘ధ్వన్యతీత’, ‘స్వనాతీత’ అని కట్టొచ్చు, అర్థంలో దోషం లేదు. కానీ వాటిని చదివి ఎవరికీ విమానం కళ్లముందు కదలదు. బ్రహ్మోస్‌ను పేపర్లన్నీ సూపర్‌సోనిక్ క్షిపణి అంటున్నాయి, జనానికి తెలుస్తోంది. అలాగే ఉంచి, తెలియని వాళ్లకు ‘ధ్వనిని మించిన వేగం’ అని విప్పి చెబితే చాలు. ‘మీరిన’ అనొద్దు. మాట మీరడం, హద్దు మీరడం అన్నట్టు అందులో తప్పు చేసిన వాసన ఉంది.

‘మ్యూజియంకు’ గురించి. పుస్తకం పుస్తకానికి అవుతుంది, విమానం విమానానికి అవుతుంది. పొట్టి అకారం మీద సున్నాతో ఆగే నపుంసక పదాలు ఈ దారినే నడుస్తాయి. పరభాష నుంచి వచ్చిన మాట ఆ దారి పట్టిందా లేదా అని తేల్చుకోవడానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది: బహువచనం చేసి చూడండి. మ్యూజియాలు, స్టేడియాలు, ఆడిటోరియాలు అని అందరం తడుముకోకుండా అంటాం. అంటే ఆ మాట మన గుంపులో చేరిపోయిందన్న మాట, కాబట్టి మ్యూజియానికి, మ్యూజియాన్ని. టీం, రూం అనే వాటికి అచ్చు దీర్ఘం, అవి చేరలేదు; టీముకి, రూముకి అంటాం. రాతలో మాస్టారి పక్షమే నాది. నోటిమాటలో మాత్రం ‘కాటన్ మ్యూజియంకి వెళ్లొచ్చాం’ అని ధవళేశ్వరంలో రోజూ వినబడుతుంది, దానికి మార్కు కోయడం నాకు చేతకాదు. అసలు మన వైపు ఊరి పేర్లకు విభక్తే పెట్టం. ‘భీమవరం వెళ్లాలి’, ‘పాలకొల్లు వెళ్లాలి’ అంతే. బస్సెక్కే హడావుడిలో భీమవరానికి అని ఎవడంటాడు?

మూడో సున్నా దగ్గర నేను పూర్తిగా మీ మనవడి పక్షం. ‘ఎగిరి చేరింది’ అన్నప్పుడు కర్త ఒకటే అయి, పనులు వరసగా జరిగితే చాలు. రెండింటి మధ్య ఎంత కాలం గడిచిందని వ్యాకరణం అడగదు. ‘బీఏ చదివి కలెక్టరయ్యాడు’ అంటే పరీక్ష హాల్లోంచి తిన్నగా కలెక్టరాఫీసుకు పోయాడని కాదు. విచిత్రమేమిటంటే, బ్లాక్‌బర్డ్ విషయంలో మాస్టారి వేళాకోళం కూడా దాదాపు నిజమే. 1990 మార్చి 6న ఒక ఎస్సార్-71ను అమెరికాలో మ్యూజియాలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థకు అప్పగించడానికి తీసుకెళ్తూ, ఆ ప్రయాణంలోనే లాస్ ఏంజిలిస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల 20 సెకన్లలో చేర్చి రికార్డు పెట్టారు. కుర్రాడు రాసింది అక్షరాలా జరిగింది, ఎగిరే చేరింది. దాన్ని ఇప్పుడు ఉంచిన భవనం, డల్లెస్ విమానాశ్రయం దగ్గరిది, 2003లో తెరిచారు. అంటే ‘ఎగిరి’కీ ‘చేరింది’కీ మధ్య పదమూడేళ్లు. అయినా వాక్యం చెక్కుచెదరలేదు చూడండి.

మా అమ్మాయి వాళ్లు వర్జీనియాలో ఉంటారు. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడికి తీసుకెళ్లారు. తలుపు దాటి లోపలికి రాగానే పైనుంచి చూస్తే, కింద ఎదురుగా ముక్కు మన వైపు పెట్టుకుని ఉంటుంది, నల్లగా, చదునుగా. దాని వెనకాల డిస్కవరీ అంతరిక్ష నౌక. అదే కప్పు కింద కాంకార్డ్ అనే సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానం కూడా ఉంది. 2003లో ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాక అదీ ఇల్లు చేరింది. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం బ్లాక్‌బర్డ్ రెక్క పక్కన. నున్నగా ఉంటుందనుకున్నాను, రేకు మీద సన్నటి గాడులున్నాయి. దాదాపు ఒళ్లంతా టైటానియం. మూడు రెట్ల వేగంలో గాలి ఒరిపిడికి పైరేకు 250 డిగ్రీలు దాటి వేడెక్కి సాగుతుంది, ఆ సాగుడుకు చోటివ్వడానికే గాడులు. రేకుల మధ్య కూడా సందులు వదిలేవారట. అందుకే నేల మీద ఉన్నప్పుడు ఇంధనం చుక్కలు చుక్కలుగా కారేది, పైకి పోయి వేడెక్కాక ఆ సందులు బిగుసుకునేవి.

ఇది చెబితే మా అల్లుడు ఇంజినీరింగ్ వింత అన్నాడు. నాకేమీ వింతనిపించలేదు. ఎండాకాలమంతా గట్టున పడున్న నాటుపడవను ఏట్లోకి దించిన మొదటిరోజు చూడండి, చెక్కల మధ్యనుంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఒకడు డొక్కుతో తోడిపోస్తుంటాడు. ఒకట్రెండు రోజులు నానితే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. పడవకు తడి చేసే పనిని ఆ పిట్టకు వేడి చేసింది. ఈ సంగతి బొమ్మ చూస్తే తట్టేది కాదు. గాడుల దగ్గర నిలబడి, వేలు పెట్టి చూడనివ్వరు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తేనే తట్టింది. 1974లో ఇదే రకం విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 1 గంట 54 నిమిషాల 56 సెకన్లలో వెళ్లింది. ఇంచుమించు మీ అమలాపురం నుంచి రాజమండ్రికి బస్సు పట్టే సమయం. అంత పరుగు పెట్టింది ఇప్పుడు తాడు కట్టిన గిత్తలా కదలకుండా నిలబడుంటే, పిల్లలు దాని చుట్టూ ఊరికే తిరుగుతుంటారు, మాట్లాడరు.

మీవాడి కోరిక తీరడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. ఢిల్లీ పాలంలో వాయుసేన మ్యూజియంలో మిగ్-25 ఉంది, అదీ మూడు రెట్ల దరిదాపుల్లో ఎగిరిందే. మన వాయుసేన దాన్ని గరుడ అనేది, 2006లో విశ్రాంతినిచ్చింది. విశాఖలో మీరు చూసిన టీయూ-142 పంకాలతో ఎగిరేది, ధ్వనిని దాటేది కాదు. ఆ మాట వ్యాసంలో రాయకపోవడం వాడి తెలివే.

నా సవరణ ఇది: ‘బ్లాక్‌బర్డ్ అనే సూపర్‌సోనిక్ విమానం ధ్వనికి మూడు రెట్లకు పైగా వేగంతో ఎగిరి మ్యూజియానికి చేరింది.’ మాస్టారికి నా నమస్కారాలు చెప్పి చూపించండి. రెట్లకు పావు, మ్యూజియానికి పావు కోసుకోమనండి. మిగతా అరమార్కు మావాడికి తిరిగి రావాలి.